‘కానీ’ తర్వాతి మాట కాగితం మీదికి రాదు

పోలీసుల నుంచి పిలుపు వస్తే చాలామందికి ముందుగా తోచేది ఒకటే. తప్పు చేయలేదు కదా, భయమెందుకు, జరిగింది జరిగినట్టు చెప్పేస్తే వాళ్లే వదిలేస్తారు. ఏ పాపం ఎరగనివాళ్లను నిండా ముంచేది ఈ ధీమాయే.

ఆఫీసులో పక్క సీటు ఆయన ల్యాప్‌టాప్, మీ ల్యాప్‌టాప్ ఒకే రకం. హడావుడిలో ఆయనది మీ బ్యాగులోకి వచ్చింది, ఫిర్యాదు వెళ్లింది, మిమ్మల్ని పిలిచారు. ‘అవును సార్, నేనే తీసుకెళ్లాను, కానీ నాదే అనుకున్నాను’ అంటారు మీరు. రాసుకునే మనిషి ‘నేనే తీసుకెళ్లాను’ వరకు రాసి, తల ఎత్తకుండానే తర్వాతి ప్రశ్న వేస్తాడు. టెన్షన్‌లో మీరు చదవకుండా సంతకం పెట్టేస్తారు. మీ కేసంతా ఆ ‘కానీ’లోనే ఉంది, అదేమో కాగితం మీద లేదు.

ఎందుకంటే ఒకరి వస్తువు మన చేతిలో ఉన్నంత మాత్రాన దొంగతనం అయిపోదు. వాళ్లు ఒప్పుకోకుండా, కాజేయాలన్న ఉద్దేశంతో తీసుకుని ఉండాలి. దాదాపు ప్రతి నేరానికీ ఇలాంటి అంశాలు కొన్ని ఉంటాయి, వాటిలో ప్రతిదాన్నీ సహేతుకమైన అనుమానానికి తావు లేకుండా రుజువు చేయాల్సిన బాధ్యత నేరం మోపినవాళ్లది. ఒక్క అంశం రుజువు కాకపోయినా ఆ అభియోగం నిలవదు. అందుకే ఏ సెక్షన్ కింద, ఏ రోజు, ఎక్కడ, ఏం చేశామని అంటున్నారో అడిగి తెలుసుకోవాలి, కాగితం ఇస్తే దాన్ని లాయర్‌తో కూర్చుని పదం పదం చదవాలి. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. అభియోగం ఏమిటో, ఎందుకో నిందితుడికి అర్థమయ్యే భాషలో వివరంగా, వెంటనే చెప్పాలని 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 14వ అధికరణలోనే ఉంది.

చేయని నేరాన్ని ఎవరైనా ఒప్పుకుంటారా అని అడిగేవాళ్లున్నారు. ఒప్పుకుంటారు. 1989 ఏప్రిల్‌లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో జాగింగ్ చేస్తున్న యువతిపై ఘోరమైన దాడి జరిగింది. 14 నుంచి 16 ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిపై కేసు పెట్టారు, గంటల తరబడి ప్రశ్నించాక వాళ్లలో నలుగురు కెమెరా ముందు ఒప్పుకున్నారు. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొంతన లేదు, దొరికిన డీఎన్ఏ ఐదుగురిలో ఎవరిదీ కాదు, అయినా జైలుకు పంపారు. 2002లో వేరే మనిషి నేరం తనదేనన్నాడు, డీఎన్ఏ అతనిదేనని తేలింది, శిక్షలు రద్దయ్యాయి. ఒప్పుకుంటే ఇంటికి పంపేస్తారనుకున్నామని ఆ పిల్లలు తర్వాత చెప్పిన మాట మమ్మల్ని ఇప్పటికీ కలచివేస్తుంది.

అయితే నోరు మెదపకుండా కూర్చుంటే సరిపోతుందా అంటే, అదీ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మాట్లాడకుండా ఉండే హక్కు, లాయర్‌ను పెట్టుకునే హక్కు ఉన్నాయని విచారణకు ముందే చెప్పాలని అమెరికా సుప్రీంకోర్టు 1966లో మిరాండా కేసులో తీర్పిచ్చింది. ఇంగ్లండ్‌లోనేమో 1994 చట్టం వచ్చాక, పోలీసులు ప్రశ్నించినప్పుడు చెప్పకుండా కోర్టులో కొత్తగా చెప్పేదాన్ని అనుమానంగా చూసే వీలుంది. ఎప్పుడు మాట్లాడాలో, ఎంతవరకు మాట్లాడాలో తేల్చేది అక్కడి చట్టం తెలిసిన లాయరే. పేరు, చిరునామా చెప్పండి, మర్యాదగా ‘మా లాయర్‌తో మాట్లాడాకే జవాబు చెబుతాను’ అనండి, అక్కడితో ఆపండి. ఫీజు కట్టే స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయం కావాలని అడగండి, అడగడానికి సిగ్గుపడాల్సిన పనే లేదు.

భయంలో చేసే పనులు అసలు ఆరోపణ కంటే ఎక్కువ చేటు తెస్తాయి. ఫోన్లో మెసేజ్‌లు చెరిపేస్తే సాక్ష్యాలు మాయం చేశారని కొత్త కేసు పడొచ్చు. ఫిర్యాదు చేసినవాళ్లకు ‘ఒక్కసారి మాట్లాడుకుందాం’ అని ఫోన్ చేస్తే అది బెదిరింపుగా మారి బెయిల్‌కే ఎసరు పెడుతుంది. ఫేస్‌బుక్‌లో గోడు వెళ్లబోసుకున్నా ఆ పోస్టు రేపు కోర్టులో తేలుతుంది. త్వరగా బయటపడదామని నేరం ఒప్పేసుకుంటే ఆ మచ్చ ఉద్యోగం దగ్గరా, వీసా దగ్గరా ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

‘దొంగ దొరికాడు’ అని అరెస్టు రోజే శీర్షిక పెట్టే అలవాటు పత్రికలకుంది, అందులో మా తప్పూ ఉంది. నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషేనని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 11వ అధికరణ చెబుతున్నా, ఆ శీర్షిక చదివిన ఇరుగుపొరుగు అప్పటికే తీర్పు చెప్పేసి ఉంటారు.

ఇంకో సంగతి, దీనికి మాత్రం ఆలస్యం పనికిరాదు. చాలా సీసీటీవీల్లో కొద్ది రోజులకో కొన్ని వారాలకో పాత దృశ్యాల మీదే కొత్తవి రికార్డవుతాయి. నేరం జరిగిందంటున్న సమయానికి మీరు ఇంకోచోట ఉన్నట్టు చూపే కెమెరా ఏదైనా గుర్తొస్తే, ఫుటేజీ భద్రపరచమని లాయర్ చేత ఈరోజే లెటర్ పెట్టించండి.