ఊపిరి తీస్తే పోటు: రాయవేలూరా, తిరుపతా అన్నది రెండో ప్రశ్న

చిత్తూరు ప్రాంతంలో ఎవరికైనా ఛాతీలో నొప్పి అంటే ఇంట్లో రెండే మాటలు వినిపిస్తాయి. ‘వాయువు పట్టుకునింటుందిలే, సోడా తాపండి’ అన్నది మొదటిది. సోడాతో తగ్గకపోతే ‘బండి మాట్లాడు, రాయవేలూరికి పోదాం’ అన్నది రెండోది. రాయవేలూరంటే తమిళనాడులోని వేలూరు, అక్కడి సీఎంసీ పెద్దాసుపత్రి. ఈ రెండు మాటల మధ్య పది నిమిషాల పని ఒకటుంది. ఈసీజీ తీయించడం. మనవాళ్లు దాన్ని దాటేసి నేరుగా హైవే ఎక్కుతున్నారు. ఏ పెద్దాసుపత్రికి పోవాలన్నది రెండో ప్రశ్న. ఈ గంటలో ఈసీజీ తీసి, వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టి, ఎక్స్‌రే తీయగల చోటు దగ్గర్లో ఏదన్నది మొదటిది.

అసలు ‘గుండెపోటు’ అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. పోటు అంటే పొడిచినట్టు ఉండాలనుకుంటాం. నిజమైన గుండెపోటు చాలామందిలో పొడవదు. ఛాతీ మీద బండ పెట్టినట్టు, ఎవరో పిండుతున్నట్టు ఉంటుంది. ఎడమ చేతికో దవడకో పాకుతుంది, చల్లటి చెమట పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో, పెద్దవయసు ఆడవాళ్లలో ఆయాసమో వాంతో తప్ప నొప్పే ఉండకపోవచ్చు. ఊపిరి లోపలికి తీసినప్పుడల్లా సూదితో పొడిచినట్టుండే నొప్పి ఎక్కువగా ఊపిరితిత్తి మీది పొర నుంచో, గుండె పైపొర నుంచో, పక్కటెముకల కండరాల నుంచో వస్తుంది. అలాగని గుండె కానే కాదని ఇంట్లో కూర్చుని తేల్చలేం. వేలితో నొక్కితే నొప్పి పుట్టినంత మాత్రాన అది కండరం నొప్పే అనుకోవడమూ పొరపాటే.

ఊపిరితో వచ్చే నొప్పిలో భయపడాల్సినవి ప్రధానంగా రెండు. ఒకటి, కాలి సిరలో గడ్డకట్టిన రక్తం విడిపోయి ఊపిరితిత్తి రక్తనాళంలో ఇరుక్కోవడం. తుంటి, మోకాలి ఆపరేషన్లు అయినవాళ్లు, సిమెంటు కట్టుతో మంచాన పడ్డవాళ్లు, కాన్పయి కొన్ని వారాలే అయిన తల్లులు, పదీ పదిహేను గంటలు బస్సు సీట్లో కాళ్లు ముడుచుకుని వచ్చినవాళ్లు దీనికి దగ్గరగా ఉంటారు. బర్డ్ లాంటి ఎముకల ఆసుపత్రి, రోజూ వేలాది యాత్రికులు ఉన్న తిరుపతిలో ఈ జాబితా చిన్నది కాదు. ఒక పిక్క వాచి, నొక్కితే నొప్పిగా ఉండి, ఆపై ఊపిరి తీస్తే పోటొస్తే అనుమానం బలపడాలి. చిక్కేమిటంటే దీంట్లో ఈసీజీలో గుండె వేగం తప్ప మరేమీ కనపడకపోవచ్చు, ఎక్స్‌రే కూడా శుభ్రంగానే ఉండొచ్చు. ఎక్స్‌రే బాగుండి ఆక్సిజన్ మాత్రం 90 దగ్గర ఆడుతోందంటే అదే పెద్ద ఆధారం. అప్పుడు కావాల్సింది రంగు మందు ఎక్కించి తీసే సీటీ. అనుమానం గట్టిగా ఉంటే సీటీ దాకా ఆగకుండానే రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మొదలుపెడతారు.

రెండోది, ఊపిరితిత్తికి చిల్లుపడి గాలి బయటికొచ్చి ఛాతీలో చేరడం. సన్నగా పొడుగ్గా ఉండే కుర్రాళ్లలో, పొగతాగేవాళ్లలో, పాత టీబీ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ఉన్నట్టుండి ఒక పక్క పోటు, ఆయాసం. ఎక్స్‌రేలో తెలిసిపోతుంది. గాలి పెరిగి గుండెను పక్కకు నెట్టడం మొదలైతే బీపీ పడిపోతుంది. ఎక్స్‌రే కోసం కూడా ఆగకుండా సూదితో గాలి తీసి, ఆ వెంటనే ట్యూబు వేయాలి. చెన్నైకని బయల్దేరిన టాక్సీ నగరి దాటాక ఆ పరిస్థితి వస్తే డ్రైవరేం చేస్తాడు?

మిగతావి ఇంతగా తరమవు. జ్వరం, దగ్గు, పసుపు కఫంతో వచ్చేది న్యుమోనియా. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, తగ్గుతున్న బరువు ఉంటే ఊపిరితిత్తి చుట్టూ టీబీ నీరు చేరిందేమో చూడాలి. పరీక్షా మందులూ సర్కారు దవాఖానాలో ఉచితమే. పడుకుంటే పెరిగి, ముందుకు వంగి కూర్చుంటే తగ్గేది గుండె పైపొర వాపు. బస్తా ఎత్తిన మర్నాడు ఒకేచోట పట్టేసినట్టుండి, ఈసీజీ బాగుండి, ఆక్సిజన్ 95కు పైన ఉండి, ఆయాసం లేకపోతే పొద్దున ఓపీకి పోయినా నష్టం లేదు.

ఇక ఆ ఈసీజీ కాగితం సంగతి. వైర్లను పది చోట్ల అంటిస్తారు: నాలుగు కాళ్లూచేతులకు, ఆరు ఛాతీకి. చేతుల వైర్లు తారుమారైతే గీతలు తలకిందులవుతాయి. ఛాతీ మీది మొదటి రెండూ నాలుగో పక్కటెముకల సందులో ఉండాల్సింది, తొందరలో పైకి అంటించేస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. చెమట తుడవకుండా, చేతులు వణుకుతుండగా తీసిన కాగితం చదవడానికి పనికిరాదు. మొదటిది మామూలుగా ఉన్నా నొప్పి పోకపోతే పావుగంట, అరగంటలో మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేయాలి. ‘ఈసీజీ నార్మల్, ఇంటికి పో’ అని ఒక్కసారితో పంపేస్తే ఒప్పుకోవద్దు. కాగితం మీద పేరు, తేదీ, టైము రాయించి వెంటనే ఫోటో తీసుకోండి. వేడితో గీతలు పడే ఆ థర్మల్ కాగితం ఎండకు, ప్లాస్టిక్ కవరులో వెలిసిపోతుంది.

ఈసీజీలో గుండెపోటు తేలితే లెక్క మారిపోతుంది. రెండు గంటల్లోపు గుండె రక్తనాళాల్లో అడ్డు తీసే గదిలో, అంటే క్యాథ్‌ల్యాబ్‌లో స్టెంటు వేయగల చోటికి చేరలేమనుకుంటే, గడ్డ కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ ఉన్నచోటే ఇప్పించి పంపాలి. బయట పదుల వేలు పలికే ఈ మందును గుండెపోటు వైద్యానికి పెట్టిన స్టెమీ కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఏర్పాటుంది. నొప్పి మొదలైన తొలి మూడు గంటల్లో దాని పనే వేరు, పన్నెండు దాటితే దాదాపు వృథా. గుండె పైపొర వాపులోనో, వీపులోకి చీల్చుకుపోయినట్టుండే బృహద్ధమని చీలికలోనో పొరపాటున ఇస్తే ప్రాణం తీయొచ్చు. అందుకే కాగితం చదవగల డాక్టరు ఉండాలి. వాట్సాప్‌లో తిరిగే నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ బిళ్ల సలహా కూడా ఇలాంటిదే. బీపీ తక్కువున్న మనిషికి పెడితే అక్కడికక్కడే పడిపోవచ్చు.

కాబట్టి పలమనేరు మనిషి పలమనేరు ఏరియా ఆసుపత్రిలో, శ్రీకాళహస్తి మనిషి అక్కడి ఏరియా ఆసుపత్రిలో ముందు ఆగాలి. తిరుపతి ఊళ్లోనైతే రుయా, స్విమ్స్ పెద్దాసుపత్రులు రెండూ అలిపిరి దారిలోనే ఉన్నాయి, వెతుక్కునే పని లేదు. చిత్తూరు నుంచి రాయవేలూరు సుమారు 35 కిలోమీటర్లే, నిజమే. చేతిలో ఈసీజీ ఉండి, ఆక్సిజన్ ఉన్న అంబులెన్సులో పోతే అది మంచి నిర్ణయమే. ఏ కాగితమూ లేకుండా బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పోతే, దారిలో గుండె ఆగితే ఛాతీ నొక్కడానికి చోటు కూడా ఉండదు. 108కి ఫోన్ చేయండి.

‘చిన్నాసుపత్రిలో ఏముంటుంది, ఆఖరికి రెఫర్ చేసేదేగా, ఆ గంట దండగ’ అనేవాళ్లున్నారు. వాళ్ల అనుభవం అబద్ధం కాదు, రాత్రి రెండింటికి తాళం వేసిన ఎక్స్‌రే గది చూసినవాళ్లే అలా అంటారు. కానీ రెఫరల్ చీటీతో పాటు ఈసీజీ, నమిలించిన 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మందులు ఎక్కించడానికి చేతికి పెట్టిన క్యాన్యులా, పెద్దాసుపత్రికి ముందే వెళ్లిన ఫోన్ కాల్ కూడా వెళ్తాయి. ఆ గంట దండగ ఎలా అవుతుంది?

తాళం వేసిన ఆ గదే అసలు రోగం. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి చిత్తూరు జిల్లాను విడదీసినప్పుడు స్విమ్స్, రుయా, బర్డ్ మూడూ తిరుపతి వైపు పోయాయి. చిత్తూరుకు జిల్లా ఆసుపత్రి, పడమటి మండలాలకు ఏరియా ఆసుపత్రులు మిగిలాయి. అప్పటినుంచి చర్చంతా కొత్త భవనం, కొత్త పడకల గురించే. రాత్రి షిఫ్టుకు ఎక్స్‌రే టెక్నీషియన్ ఉన్నాడా అని అడిగే నాయకుడు కనపడడు. ప్రైవేటు ఆసుపత్రుల బోర్డులు చూడండి: డిగ్రీలు, ఫోటోలు, ‘సూపర్ స్పెషాలిటీ’, ‘24 గంటలు’. ఆ 24 గంటలూ నడిచేది క్యాథ్‌ల్యాబా, క్యాష్ కౌంటరా అన్నది బోర్డు చెప్పదు. ఫోన్ చేసి నాలుగు ముక్కలు అడగాలి: ఇప్పుడు ఈసీజీ తీస్తారా, చదివే డాక్టరు ఉన్నాడా, సీటీ తీసే మనిషి ఉన్నాడా, క్యాథ్‌ల్యాబ్ టీం ఎంతసేపట్లో వస్తుంది.

రోగి బంధువులు ఇదంతా ఫోన్లో అడుక్కోవాల్సిన అవసరమేంటి? ప్రతి క్యాజువాలిటీ గుమ్మంలో ఒక నల్లబోర్డు చాలు, రాత్రి ఎనిమిదికి డ్యూటీ నర్సు సుద్దముక్కతో రాస్తుంది: ఈసీజీ ఉంది, ఎక్స్‌రే ఉంది, సీటీ లేదు, టెనెక్టెప్లేజ్ రెండు వయల్స్. అదే వివరం 108 కంట్రోల్ రూముకు పోవాలి, బండి ఎటు తిప్పాలో అక్కడే తేలుతుంది. ‘లేదు’ అని రాయడం సిగ్గనిపిస్తే ఆ టెక్నీషియన్ పోస్టు నింపమని కలెక్టరుకు సూపరింటెండెంటే లేఖ రాస్తాడు.