కూర్చున్న బెంజి

బెజవాడలో పుట్టినవాడెవడైనా వెయ్యిసార్లు "బెంజి సర్కిల్ దగ్గర దిగండి" అని ఎవరికో ఒకరికి దారి చెప్పే ఉంటాడు. అక్కడ బెంజిలోంచే దిగాలన్న కోరిక మాత్రం కొందరికే పుడుతుంది, అదీ రిటైర్‌మెంటు డబ్బులు చేతికొచ్చాక. పటమటలో ఓ ఆసామికి పుట్టింది. బెంజిల్లో పెద్ద కారైన ఎస్-క్లాస్ కొత్తది ధర విని మంచినీళ్లు తాగాడు. 2010 మోడల్ ఎస్350 పెట్రోలు బండి ధర విని కాఫీ తెప్పించుకున్నాడు. తొమ్మిది లక్షలు! మొన్న తోడల్లుడు కొన్న చిన్న కారు కూడా తొమ్మిది లక్షలే. ఇంక ఆలోచించడానికి ఏముంది?

ఉన్నది ఒక్కటే. బండి పాతబడేకొద్దీ దాని ధర పడుతుంది, సామాన్ల ధర పడదు. గోడౌన్‌లో అట్టపెట్టెలో కూర్చున్న నట్టుకి, "ఒరే, నీ కారు సెకండ్ హ్యాండ్ అయిపోయిందిరా" అని చెప్పేవాళ్లెవరూ ఉండరు. అది ఇంకా షోరూమ్ రోజుల్లోనే ఉంటుంది.

ఆసామి తెలివితక్కువవాడేం కాదు. 2024 సెప్టెంబర్లో బుడమేరు ఊరిమీద పడ్డాక మునిగిన కార్లు శుభ్రంగా తలంటుకుని అమ్మకానికొచ్చాయని ఆయనకు తెలుసు. అందుకే సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూశాడు. డిక్కీలో స్టెప్నీ ఎత్తి కింద తుప్పు చూశాడు. అన్నీ బాగున్నాయి. చూడాల్సింది ఇంకొకటుంది, అది చూడలేదు. ఈయన వెళ్లేసరికే అమ్మేవాడు ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ వేసి, "ఎండగా ఉంది కదా సార్, మీ కోసమే చల్లబరిచా" అన్నాడు. ఆ మర్యాదకే కరిగిపోయాడు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న, అంటే స్ప్రింగుల బదులు గాలి మీద నిలబడే, పాత బండిని కొనేవాడు తెల్లారి ఆరింటికి, చెప్పాపెట్టకుండా, రాత్రంతా ఆపి ఉంచిన బండి దగ్గరికి వెళ్లాలి. స్టార్ట్ చేశాక దాని రోగం కనపడదు.

మొదటి నెల చిల్లర ఖర్చులే. పెట్రోలు ట్యాంకు 90 లీటర్లు. ఫుల్ కొట్టించిన రోజు బంకు కుర్రాడు మీటరు చూసి, ఆసామి మొహం చూసి, మళ్లీ మీటరు చూశాడు. ఇంజన్ ఆయిల్ ఎనిమిది లీటర్లు, అదీ ఏదిబడితే అది కాదు, డబ్బా మీద 229.5 అని కంపెనీ ఆమోదం ఉన్నది. "మా స్కూటర్‌కి ముప్పావు లీటరు చాలు కదండీ" అంది ఇల్లాలు. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని అమ్మినవాడు చెప్పాడు. ఎవరి జీవితాంతమో చెప్పలేదు. టైర్లకు బొడిపెలు కూడా పోలేదని మురిసిపోతుంటే, పంక్చర్ కుర్రాడు పక్కనున్న నాలుగంకెలు చదివాడు: 1416. అంటే 2016లో పద్నాలుగో వారం పుట్టిన టైరు. అరగకపోయినా రబ్బరు ముసలిదైంది. రోహిణీ కార్తెలో హైవే మీద అలాంటి టైర్లతో వంద దాటించడం సాహసం కాదు, పిచ్చి.

రిజిస్ట్రేషన్ దగ్గర మాత్రం అదృష్టం కలిసొచ్చింది. పదిహేనేళ్లు నిండాయి కాబట్టి రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు మామూలు కారుకి 5,000, దిగుమతి కారుకి 40,000. బెంజి కాబట్టి నలభై వేలేనని ఆయన గుండె జారింది. తీరా చూస్తే ఈయన బండి బిగించింది పుణె దగ్గర చాకన్‌లో. జర్మనీ బండి అని ఊరంతా చెప్పుకున్న మనిషి ఆ ఒక్కరోజూ "పక్కా స్వదేశీ అండీ" అని కౌంటర్ దగ్గర వాదించాడు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గీసిన గీతలు అయిదు మీటర్ల పొడవు. బండి అయిదు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల పైనే. మిగిలిన జానెడు ఎప్పుడూ దారిలోకి పొడుచుకొచ్చి ఉండేది. దాన్ని చుట్టి వెళ్లే ప్రతి స్కూటరూ హారన్ కొట్టేది, ఆసామి దాన్ని నమస్కారం అనుకునేవాడు.

ఇలా ఉండగా తోడల్లుడి కూతురి పెళ్లి వచ్చింది. గుంటూరులో, ఉదయం 10:42కి ముహూర్తం. "పెళ్లికొడుకుని విడిది నుంచి మండపానికి మన బెంజిలోనే తీసుకెళ్దాం" అని శుభలేఖలు అచ్చుకాకముందే ప్రకటించేశాడు. తోడల్లుడు "మీ ఇష్టం అన్నయ్యా" అన్నాడు, గొంతులో ఏ భావమూ లేకుండా.

ముందురోజు రాత్రే మంగళగిరి, కాజ టోల్‌గేటు మీదుగా బ్రాడీపేటలో విడిది దిగిన లాడ్జీకి చేరుకున్నాడు. బండి దోవంతా పట్టుపరుపులా నడిచింది. నిజం చెప్పుకోవాలి, అందులో కూర్చుంటే గతుకు అనేది పక్క కార్లవాళ్లకు మాత్రమే వచ్చే జబ్బు అనిపిస్తుంది. కారణం దాని కింద ఉక్కు స్ప్రింగులు ఉండవు, గాలి నిండిన రబ్బరు బెలూన్లు ఉంటాయి, చక్రానికొకటి. పంతొమ్మిది వందల కిలోల బండి ఆ నాలుగింటి మీద తేలుతుంది. ముందున్న చిన్న కంప్రెసర్ గాలి పంపుతుంది, వాల్వ్ బ్లాక్ ఎవరికెంతో పంచుతుంది, ప్రతి మూలా ఎంత ఎత్తున ఉందో సెన్సర్లు చెబుతుంటాయి. బండి కదిలినప్పుడల్లా బెలూన్ మడత ఒకేచోట ముడుచుకుని విచ్చుకుంటుంది. పదేళ్లకు ఆ మడతలో సన్నటి పగుళ్లు పడతాయి. నడిచేటప్పుడు కారే గాలిని కంప్రెసర్ ఎప్పటికప్పుడు నింపేస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ఆపి పడుకున్నాక నింపేవాడుండడు.

తెల్లారి పూలవాళ్లు వచ్చి నాలుగు మూరల బంతిదండలు, మధ్యలో గులాబీ గుత్తి కట్టి వెళ్లారు. ఏడింటికి ఆసామి పట్టుపంచెతో దిగాడు. బండి ఎడమ ముందుకాలు మడిచి, తలవంచి, అలంకారంతో సహా అచ్చం గంగిరెద్దులా ఉంది. సన్నాయివాడు ఒక్కడే తక్కువ. వాడూ అప్పుడే వచ్చాడు.

మగపెళ్లివారి పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, "ఏవండీ, మావాడు ఎక్కకముందే కుంగిందేంటి?" అన్నాడు.

స్టార్ట్ చేస్తే తెరమీద "వాహనం పైకి లేస్తోంది" అని ఇంగ్లీషులో పడింది. ముందు నుంచి గుర్రుమని కంప్రెసర్ శబ్దం. రెండు మూడు నిమిషాలకు బండి మెల్లగా లేచి నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "చూశారా, దానంతటదే లేస్తుంది" అన్నాడు ఆసామి, ఆ సదుపాయానికి అదనంగా డబ్బు కట్టినవాడిలా. ఇంజన్ ఆపి టిఫిన్‌కి వెళ్లాడు.

అసలు కథ అప్పుడు నడిచింది. కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చేది అగ్గిపెట్టె కన్నా చిన్నదైన ఒక రిలే. లీకు వల్ల కంప్రెసర్ నెలలుగా రోజుకు పదులసార్లు ఆన్ అవుతూ ఉంది, ఆన్ అయినప్పుడల్లా రిలే లోపలి కాంటాక్టుల దగ్గర చిన్న నిప్పురవ్వ. ఆరోజు అవి కాలి అతుక్కుపోయాయి. తాళం తీసినా కంప్రెసర్ ఆగలేదు. గుర్రుమంటూనే ఉంది. పక్కన డోలు, సన్నాయి, ఆపై బ్యాండు మేళం. ఎవరికి వినపడుతుంది?

తొమ్మిదిన్నరకు పెళ్లికొడుకు బాసికంతో దిగేసరికి రబ్బరు కాలిన వాసన. బండి మళ్లీ కుంగి ఉంది, ఈసారి తెరమీద ఎర్రటి అక్షరాలు: "ఆగండి, వాహనం మరీ కిందికి ఉంది". అలా వచ్చినప్పుడు అడుగు కూడా కదిలించకూడదు; మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ టైరు మీద కూర్చుని ఉంటుంది. కానీ వందమంది చూస్తుంటే ఎవడు ఆగుతాడు? పది గజాలు కదిలించాడు. టైరు లోపలి తొడుగుని కొరికింది, వేలాడుతున్న బంతిదండ చక్రంలోకి చుట్టుకుంది. పెళ్లికొడుకు దిగి, ఎవరూ చెప్పకుండానే, వెనక ఆగి ఉన్న తోడల్లుడి చిన్న కారెక్కాడు. తోడల్లుడు ఏమీ అనలేదు. తర్వాత కూడా అనలేదు. అదే ఇబ్బంది.

సాయంత్రం బండిని తరలించడం ఇంకో తంతు. హుక్కుతో లాగే లారీ పనికిరాదు, ఫ్లాట్‌బెడ్ కావాలి. అది వచ్చింది. బండి మాత్రం కదలదు; బ్యాటరీ మొత్తం కంప్రెసర్ తాగేసింది. ఆ మోడల్లో గేరు మార్చేది కరెంటే, అది లేకపోతే పార్కింగ్ నుంచి న్యూట్రల్‌కి రాదు. చివరికి జంపర్ కేబుళ్లు వేసి కరెంటిచ్చిన బండి ఏదో చెప్పాలా? చిన్న కారు బెంజి పక్కన నిలబడి రక్తదానం చేస్తుంటే ఫొటోగ్రాఫరు దాన్ని కూడా తీశాడు. పెళ్లి ఆల్బమ్‌లో ఉంది. కిందికి వంగిన బంపరు ఫ్లాట్‌బెడ్ ర్యాంపుకి తగలకుండా వంటవాళ్ల దగ్గర చెక్కపలకలు అడిగి తెచ్చి పరిచారు.

మర్నాడు బెజవాడ ఆటోనగర్. మేస్త్రి రూపాయి షాంపూ ప్యాకెట్ చించి బాటిల్ నీళ్లలో కలిపి, బయటి నుంచి కంప్రెసర్‌తో గాలి పెట్టి, బెలూన్ మడత మీద, పైన పైపు బిగించేచోట స్ప్రే కొట్టాడు. మడత దగ్గర బుడగలు, పిల్లాడు సబ్బునురగ ఊదినట్టు.

"ఒక్క మూల కుంగితే బెలూన్ సార్. రెండో నాలుగో కలిసి కుంగితే వాల్వ్ బ్లాకో పైపో చూసుకోవాలి. మీది బెలూనే. కంప్రెసర్ కూడా పోయింది. రిలే కూడా మార్చాలి, పాత రిలేతో కొత్త కంప్రెసర్ పెడితే దాన్నీ తినేస్తది."

"రిలే ఎంత?"

"వందల్లో పోద్ది సార్."

ఆసామికి ప్రాణం లేచొచ్చింది. మిగతా రెండూ అడిగాక మళ్లీ పడిపోయింది. బెలూనూ షాక్ అబ్జార్బరూ కలిసే వచ్చే స్ట్రట్ కంపెనీది లక్ష దాటింది. బయటి బ్రాండు డెబ్భై వేలు. రీకండిషన్ చేసింది పాతిక వేలు. "మామూలు స్ప్రింగులు వేసేస్తే?" అన్నాడు. వేయొచ్చు, కిట్లు దొరుకుతాయి. బోర్డు మీద ఎర్రలైటు శాశ్వతంగా వెలుగుతుంది, దాన్ని ఆర్పడానికి ఇంకో తంటా, పైగా పట్టుపరుపు కాస్తా నులకమంచం అవుతుంది. దానికి బెంజి ఎందుకు?

ఇన్సూరెన్సుకి ఫోన్ చేశాడు. ప్రమాదంలో పోయినా రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీకి సగం తరుగు కోస్తారు. ఇది ప్రమాదం కూడా కాదు, అరుగుదల. అరుగుదలకి క్లెయిమ్ లేదు.

ఇక్కడే ఆసామి బుద్ధి పాతిక వేల వైపు వెళ్లింది. వేరే షెడ్డులో రీకండిషన్ స్ట్రట్ చవగ్గా బిగిస్తామన్నారు. బిగించారు కూడా. తర్వాత కుర్రాడు జాకీ దించేశాడు, గాలి నింపకుండా. కొత్త బెలూన్‌లో ముందు గాలి నింపి, మడత సరిగ్గా తిరిగిందో లేదో చూసి, ఆ తర్వాతే బరువు దానిమీద పెట్టాలి. ఖాళీ బెలూన్ మీద బండిని దింపితే రబ్బరు ముడుచుకుని నలిగిపోతుంది. నలిగింది. ఉస్సుమని ఒక చిన్న నిట్టూర్పు. పాతిక వేలు అంత నెమ్మదిగా పోవడం అదే మొదటిసారి.

మళ్లీ మొదటి మేస్త్రి. ఆయన మొహంలో ఏమీ లేదు, తోడల్లుడి మొహంలా. డెబ్భై వేల స్ట్రట్, కంప్రెసర్, రిలే కలిపి నలభై రెండు, బ్యాటరీ ఇరవై, ఫ్లాట్‌బెడ్ ఆరు, కూలీ, స్కానర్ పెట్టి ఎత్తు సెట్ చేసినందుకు పన్నెండు. గంగలో కలిసిన పాతిక వేలతో లక్షా డెబ్భై అయిదు వేలు. బండి మాత్రం నాలుగు కాళ్ల మీద రాజాలా నిలబడింది.

తాళాలు ఇస్తూ మేస్త్రి, "సార్, ఎడమది మార్చాం కదా" అన్నాడు.

"అవును."

"కుడిది కూడా అదే ఏడాదిది సార్."

అప్పటినుంచి ఆసామి రోజూ రాత్రి బండి ఆపాక మడ్‌గార్డు అంచుకీ టైరుకీ మధ్య వేళ్లు పెట్టి కొలుస్తాడు, నాలుగు మూలలా. పొద్దున స్టార్ట్ చేయకముందు మళ్లీ కొలుస్తాడు. పద్ధతి మంచిదే, తేడా వస్తున్న మూల ముందే తెలిసిపోతుంది. మొదట్లో తనే దిగేవాడు. ఇప్పుడు మోకాళ్లు నొప్పులు కదా, వాచ్‌మన్‌కి అప్పగించాడు. ఉదయం ఆరింటికి పాలప్యాకెట్టుతో పాటు సెల్లార్ నుంచి ఫోన్ వస్తుంది.

"సార్, ఎడమ నాలుగేళ్లు. కుడి మూడున్నర."

"నీ వేళ్లా, నా వేళ్లా?"

"నావే సార్."

"నీవి లావు. చెయ్యి అక్కడే ఉంచు, నేనొస్తున్నా."