అంగారకుడి ఆకాశం నీలమైతే మాత్రం అక్కడ బతకగలమా?

1976 జులై 20న నాసా వారి వైకింగ్-1 వ్యోమనౌక అంగారకుడి మీద క్రైసీ మైదానంలో దిగింది. మరునాడు వెలువడిన తొలి రంగుల చిత్రంలో నేల మన చెల్క భూముల్లా ఎర్రగా, పైన ఆకాశం మన ఆకాశంలా నీలంగా కనిపించింది. కెమెరా బృందం లెక్కలు సరిచూసుకుని, ఆకాశం నీలం కాదని, గాలిలో వేలాడే ధూళి వల్ల లేత గులాబీ, గోధుమ ఛాయల మధ్య ఉంటుందని ప్రకటించినప్పుడు అక్కడ చేరిన విలేకరులు ఉసూరుమంటూ గోల చేశారు. అది సరదాగా చేసిన గోలే అయినా, దాని వెనకున్న ఆశ మాత్రం నిజమైనది. ఆ ఆశ యాభై ఏళ్లుగా రూపాలు మార్చుకుంటూ వస్తోంది. నాసా చిత్రాలకు ఎరుపు పులుముతోందని, అసలు అంగారకుడి ఆకాశం నీలమేనని, అక్కడ మనిషి బతకవచ్చన్న సంగతిని దాచిపెడుతున్నారని నేటికీ సామాజిక మాధ్యమాల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి. ఈ వాదనను నవ్వి కొట్టిపారేయడం తేలిక. కానీ ఇందులో అడగదగ్గ ప్రశ్నలే రెండు ఉన్నాయి: ఆకాశం రంగేమిటి, అక్కడ జీవం బతకగలదా. వాటిని ఒకదానితో ఒకటి ముడివేయడం దగ్గరే చిక్కంతా వచ్చింది.

మొదటిది రంగు సంగతి. వైకింగ్ కెమెరా మన ఫోన్ కెమెరాలా ఒక్క క్షణంలో దృశ్యాన్ని పట్టేది కాదు. ఊగే అద్దం ఒకటి దృశ్యాన్ని నిలువు గీతలుగా చదువుతూ పోతే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల వెనకున్న డయోడ్లు వెలుగు తీవ్రతను అంకెలుగా నమోదు చేసేవి. ఆ డయోడ్లకు మన కంటికి కనిపించని పరారుణ కాంతి కూడా కొంత సోకేది. దాన్ని లెక్కలోంచి తీసివేసి, నౌక మీద అమర్చిన రంగుల పలకలతో పోల్చి చూశాకే చిత్రానికి సరైన వర్ణం వస్తుంది. మొదటి రోజు తొందరలో ఈ సవరణ పూర్తిగా జరగలేదు, అందుకే ఆకాశం నీలంగా వచ్చింది. అంటే నీలి ఆకాశమే దిద్దని చిత్రం, గులాబీ ఆకాశం దిద్దిన చిత్రం. అనుమానం పుట్టింది కూడా సరిగ్గా ఇక్కడే. దిద్దడమంటే దాచడమేనని అనుకునేవారికి ఈ వరస తిరగబడినట్టు కనిపిస్తుంది. కానీ కొలిచే పనిముట్టుకు ఎంత తప్పు ఉందో తెలిసినప్పుడు దాన్ని సరిదిద్దకుండా వదిలేయడమే అసలైన మోసం.

ఆ తరవాత కూడా నాసా ఒకే దృశ్యాన్ని రెండు మూడు రకాలుగా విడుదల చేస్తూ వచ్చింది. అంగారకుడి నేల మీద తిరిగే నాసా రోవర్ క్యూరియాసిటీ చిత్రాల్లో కొన్ని అక్కడ నిలబడిన మనిషి కంటికి ఎలా కనిపిస్తాయో అలా ఉంటాయి. మరికొన్ని భూమి మీది పగటి వెలుగులో ఆ రాళ్లు ఎలా ఉంటాయో చూపేలా సవరించినవి, ఎందుకంటే భూగర్భ శాస్త్రవేత్త తనకు అలవాటైన వెలుగులోనే రాయిని గుర్తుపట్టగలడు. ఈ రెండో రకం చిత్రాల్లో ఆకాశం నీలి ఛాయ పడుతుంది. చిత్రం కింద ఉన్న వివరణ ఊడిపోయి బొమ్మ ఒక్కటే చేతులు మారినప్పుడు అదే 'బయటపడ్డ నిజం' అయి కూర్చుంటుంది. తప్పు చిత్రానిది కాదు. వివరణను వదిలేసి బొమ్మను మాత్రం పంచుకునే మన అలవాటుది, దాన్ని వివరణ లేకుండానే అచ్చువేసే పత్రికలది కూడా.

పైగా అంగారకుడి మీద నీలం లేదని ఎవరూ అనడం లేదు. 2015 ఏప్రిల్‌లో గేల్ బిలం నుంచి క్యూరియాసిటీ తీసిన సూర్యాస్తమయంలో సూర్యుడి చుట్టూ నీలి కాంతి పరుచుకుని ఉంది. పగలంతా ఎర్రబారిన ఆకాశం పొద్దుగూకే వేళకు సూర్యుడి చుట్టూ నీలమవుతుంది, మన దగ్గర జరిగేదానికి సరిగ్గా వ్యతిరేకంగా. అక్కడి సన్నని ధూళి రేణువులు నీలి కాంతిని సూర్యుడి దిశకు దగ్గరగా ముందుకు చిమ్ముతాయి, మిగిలిన ఆకాశమంతా ఇనుప తుప్పు రంగు మిగులుతుంది. ధూళి పూర్తిగా అణిగిపోతే ఆకాశం మన ఆకాశంలా నీలంగా మారదు, దాదాపు నల్లబడుతుంది. మన ఆకాశపు నీలం చిక్కటి గాలి ఇచ్చిన వరం, అంగారకుడికి ఆ చిక్కదనం లేదు.

ఒక్క నాసానే ఎందుకు నమ్మాలని అడిగేవారికి జవాబు మన శ్రీహరికోటలోనే ఉంది. 2013 నవంబరు 5న అక్కడి నుంచి పీఎస్ఎల్‌వీ-సీ25 మీద బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరి, తన సొంత రంగుల కెమెరాతో ఆ గ్రహాన్ని పూర్ణబింబంగా చిత్రించింది. ఆ బింబం కాషాయ, గోధుమ ఛాయల్లోనే ఉంది. ఐరోపా వారి మార్స్ ఎక్స్‌ప్రెస్, 2021లో అక్కడికి చేరిన యూఏఈ వారి హోప్, అదే ఏడాది యుటోపియా మైదానంలో దిగిన చైనా రోవర్ జురాంగ్ కూడా వేరే రంగు చూపలేదు. ఒకరితో ఒకరికి పడని దేశాలన్నీ ఒక గ్రహం రంగు విషయంలో మాత్రం కుమ్మక్కయ్యాయంటే నమ్మడం కష్టం.

అయితే ఆ ఎరుపు ఎంత లోతున ఉంది? 2013 ఫిబ్రవరిలో ఎల్లోనైఫ్ బే అనే చోట క్యూరియాసిటీ ఒక బురదరాయికి రంధ్రం వేసింది. దాని వెడల్పు 1.6 సెంటీమీటర్లు, లోతు 6.4 సెంటీమీటర్లు, మన చూపుడు వేలు పట్టేంత. రంధ్రం అంచున పేరుకున్న పొడి ఎర్రగా లేదు, బూడిద రంగులో ఉంది. చుట్టూ తుప్పురంగు నేల, మధ్యలో సున్నపు ముద్దలాంటి ఆ చిన్న బూడిద వలయం: అంగారకుడి రూపం గురించి నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసిన చిత్రం ఇదే. నివురుగప్పిన నిప్పు అని మనం అంటాం. నిప్పుకణిక పేరు పెట్టుకున్న అంగారకుడిది దానికి తిరగబడిన రూపం, పైన నిప్పు రంగు, కింద బూడిద. బూడిద రంగు అంటే అక్కడి ఇనుము పూర్తిగా తుప్పు పట్టలేదని అర్థం. ఆ రాయిలోని బంకమట్టి ఖనిజాలు ఒకప్పుడు అక్కడ ఆమ్లగుణం లేని, ఉప్పు తక్కువైన నీరు నిలిచిందని చెప్పాయి. కాబట్టి అంగారకుడి జీవయోగ్యత గురించి గట్టి సాక్ష్యం దొరికింది ఆకాశపు రంగులో కాదు, రాయి లోపల.

రంగు వాదననూ జీవం వాదననూ ఒక్క చేతి మీదుగా నడిపిన మనిషి అమెరికా పరిశోధకుడు గిల్బర్ట్ లెవిన్. వైకింగ్ జంట నౌకల్లో ఆయన, పాట్రీషియా స్ట్రాట్ నడిపిన ప్రయోగంలో రేడియోధార్మిక కార్బన్ కలిపిన పోషక ద్రవాన్ని మట్టి మీద చుక్కలుగా వేస్తే, నౌకలు దిగిన రెండు చోట్లా ఆ కార్బన్‌తో కూడిన వాయువు వెలువడింది. మట్టిని ముందుగా 160 డిగ్రీల దాకా వేడిచేసి అదే పని చేస్తే వాయువు దాదాపు ఆగిపోయింది. జీవం ఉంటే ఇలాగే జరగాలి. కానీ రెండోసారి ద్రవం వేసినప్పుడు వాయువు పెరగలేదు, పక్కనున్న మరో పరికరానికి ఆ మట్టిలో సేంద్రియ పదార్థం కనిపించలేదు. ఇది మట్టిలోని రసాయనాల పనేనని ఎక్కువమంది శాస్త్రవేత్తలు తేల్చారు. లెవిన్ ఒప్పుకోలేదు. 1978లో వైకింగ్ చిత్రాల్లోని రాళ్ల మీద పచ్చని మచ్చలు ఉన్నాయని, కాలంతో పాటు అవి మారాయని సహరచయితలతో వ్యాసం ప్రచురించారు, 2021లో మరణించేదాకా తన మాట మీదే నిలబడ్డారు. 2008లో ఫీనిక్స్ నౌక మట్టిలో పెర్క్లోరేట్ లవణాలను కనుగొన్నాక కథ మరో మలుపు తిరిగింది. వేడిచేస్తే సేంద్రియ పదార్థాలను నాశనం చేసే గుణం వాటికి ఉంది కనుక, వైకింగ్‌కు అవి కనిపించకపోవడం అవి లేవనడానికి రుజువు కాదని తేలింది. పచ్చని మచ్చల విషయంలో లెవిన్ వాదన నిలవలేదని నా అభిప్రాయం. కానీ ఆ ప్రయోగాన్ని మెరుగుపరిచి మళ్లీ పంపి ఉంటే వాదన ఎప్పుడో తేలి ఉండేది, ఇన్నేళ్లలో ఆ పని జరగకపోవడం మాత్రం నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక రెండో ప్రశ్న, బతకడం సంగతి. అక్కడ చిక్కు మాటది. 'నివాసయోగ్యం' అని మన పత్రికలు రాసినప్పుడు పాఠకుడికి ఇల్లు, పొయ్యి, పిల్లలు గుర్తుకొస్తారు. శాస్త్రవేత్తలు ఆ మాటతో చెప్పేది వందల కోట్ల ఏళ్ల కిందట సూక్ష్మజీవులు బతకగలిగిన పరిస్థితి గురించి. ఆ అర్థానికి 'జీవయోగ్యం' అన్న మాట వాడితే సగం అపోహ అక్కడే పోతుంది.

మనిషి సంగతికి వస్తే, లెక్కలు కఠినంగా ఉన్నాయి. అంగారకుడి మీద గాలి పీడనం సుమారు 6 మిల్లీబార్లు, భూమి మీదున్న దానిలో ఒక శాతం కన్నా తక్కువ. పీడనం 63 మిల్లీబార్లకు పడిపోతేనే మన ఒంటి వేడికి నీరు మరుగుతుంది. అక్కడ శిరస్త్రాణం తీసినవాడి నాలుక మీది తడి మరిగి ఆవిరైపోతుంది, ఆకాశం ఏ రంగులో ఉన్నా సరే. ఆ కొద్ది గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడ్. సగటు ఉష్ణోగ్రత మైనస్ 60 డిగ్రీల చుట్టుపక్కల. క్యూరియాసిటీ నేల మీద కొలిచిన రేడియేషన్ రోజుకు సుమారు 0.67 మిల్లీసీవర్టులు, అంటే భూమి మీద సగటు మనిషికి ప్రకృతి సహజంగా ఏడాదిలో సోకేది అక్కడ నాలుగు రోజుల్లోపే సోకుతుంది. అక్కడి గాలి నుంచి ఆక్సిజన్ తయారుచేసి చూపిన, పర్సెవరెన్స్ రోవర్ మీది మాక్సీ పరికరం 2021 నుంచి 2023 దాకా 16 విడతల్లో చేసింది మొత్తం 122 గ్రాములు. ఒక మనిషి రోజుకు 840 గ్రాములు పీలుస్తాడనుకుంటే ఇది మూడున్నర గంటలకు సరి. ఇది చిన్న విజయం కాదు, మరో గ్రహం గాలిలోంచి ప్రాణవాయువు తీయడం చరిత్రలో అదే తొలిసారి. కానీ దీన్ని చూపి ఊళ్లు కట్టేస్తామనడం, గ్రహాన్నే వెచ్చబరుస్తామనడం వేరు. అలా వెచ్చబరచడానికి చాలినంత కార్బన్ డయాక్సైడ్ అక్కడ అందుబాటులో లేదని శాస్త్రవేత్తలు బ్రూస్ జాకోస్కీ, క్రిస్టఫర్ ఎడ్వర్డ్స్ 2018లోనే లెక్కగట్టారు.

జీవయోగ్యత ప్రశ్న మాత్రం ఇప్పుడు జెజెరో బిలంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన చోటికి చేరింది. 2024 జులైలో పర్సెవరెన్స్ రోవర్ అక్కడి పాత నదీమార్గంలో 'చెయావా ఫాల్స్' అని పేరుపెట్టిన రాయిని తొలిచింది. ఎర్రటి ఆ రాయి మీద నల్లని అంచున్న లేత మచ్చలు చిరుతపులి మచ్చల్లా ఉన్నాయి. వాటిలో వివియనైట్, గ్రీగైట్ అనే ఇనుప ఖనిజాల జాడ ఉందని, భూమి మీద ఇలాంటివి సూక్ష్మజీవుల చర్య వల్ల ఏర్పడతాయని, జీవం లేకుండా ఏర్పడే మార్గాలూ లేకపోలేదని 2025 సెప్టెంబరులో పరిశోధకులు ప్రకటించారు. తేల్చాలంటే ఆ నమూనాను భూమి మీది ప్రయోగశాలలకు తేవాలి. తెచ్చే పథకానికి 1,100 కోట్ల డాలర్ల దాకా ఖర్చవుతుందని, 2040 దాకా ఆగాల్సి వస్తుందని, అది తమకు సమ్మతం కాదని నాసాయే 2024లో చెప్పింది. తొలిచి తీసిన ఆ రాతి ముక్క ఒక లోహపు గొట్టంలో మూతపడి ఇంకా అంగారకుడి మీదే ఉంది.