మాన్పించిన భాషను ‘పారేసుకున్నారు’ అనకండి

“తెల్ల అమెరికన్లకు సొంత సంస్కృతి లేదు. ఉన్నదాన్ని వాళ్లే పారేసుకున్నారు. ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్షలతో మూలాలు కొనుక్కుంటున్నారు.” ఎంతోమంది పంచుకుంటున్న మాట ఇది, మన తెలుగువాళ్లూ పంచుకుంటున్నారు. ఇందులో ఆరోపణలు మూడు. మధ్యలోది నన్ను ఎక్కువగా బాధించింది.

సంస్కృతి లేదన్నది తేలిగ్గానే వీగిపోతుంది. పెన్సిల్వేనియాలో పాతకాలపు పద్ధతుల్లో జీవించే అమిష్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు ఇప్పటికీ ఇంట్లో జర్మన్ మాండలికమే మాట్లాడుకుంటాయి. అపలాచియన్ కొండల్లో ఇంగ్లండ్, స్కాట్లండ్ కథాగేయాలు తరతరాలుగా నోటి మీదే నిలిచాయి. (అక్కడి బాంజోకు మూలం మాత్రం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి వాద్యమే. ఆ మాటా చెప్పుకోవాలి.)

ఇక వాళ్లే పారేసుకున్నారన్నది. కొందరు ఇష్టపడే ఇంగ్లిషులోకి మారారు, నిజమే. కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా జర్మనీతో పోరాడుతున్న రోజుల్లో, 1918 మేలో, అయోవా రాష్ట్ర గవర్నర్ విలియం హార్డింగ్ బడుల్లో, రైళ్లలో, చివరికి టెలిఫోనులో కూడా ఇంగ్లిషు తప్ప మరో భాష వినిపించకూడదని ప్రకటించాడు. అంతకు నెల ముందే ఇల్లినాయ్‌లోని కాలిన్స్‌విల్‌లో రాబర్ట్ ప్రేగర్ అనే జర్మన్ వలసదారుణ్ని అల్లరిమూక ఉరితీసి చంపింది. ఎనిమిదో తరగతి పూర్తికాని పిల్లలకు విదేశీ భాష నేర్పడం నేరమని 1919లో నెబ్రాస్కా చట్టం చేసింది. మరుసటి ఏడాది అక్కడి ఒక చర్చి బడిలో పదేళ్ల పిల్లవాడు జర్మన్‌లో బైబిలు కథ చదువుతుండగా ప్రభుత్వ న్యాయవాది తరగతిలోకి వచ్చాడు. అతణ్ని చూసి కూడా ఉపాధ్యాయుడు రాబర్ట్ మేయర్ పాఠం ఆపలేదు. పాతిక డాలర్ల జరిమానా పడింది. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది కానీ, అప్పటికే ఎన్నో ఇళ్లలో జర్మన్ మూగబోయింది. లూసియానా బడుల్లోనైతే ఫ్రెంచి మాట్లాడిన పిల్లలకు దెబ్బలు, పైగా “ఇక ఫ్రెంచి మాట్లాడను” అని పదేపదే రాయించే శిక్ష. భయపెట్టి మాన్పిస్తే అది పారేసుకోవడం ఎలా అవుతుంది?

నల్లజాతివారికి జరిగింది ఇంతకంటే ఎంతో ఘోరం. 1870కి ముందు జనగణన పత్రాల్లో బానిసల పేర్లు కూడా దాదాపు ఎక్కడా రాయలేదు. అయినా ఆ ఘోరాన్ని చూపించి తెల్లవారి ఈ నష్టం జరగనే లేదనడం తప్పు.

డీఎన్‌ఏ విషయంలో ఆరోపణ సగం నిజం. గొట్టంలో ఉమ్మి పంపితే వచ్చే శాతాలు ఇప్పటి జనంతో పోల్చి వేసిన అంచనాలు. పోలిక నమూనాలు మారితే అవీ మారతాయి. వాటితో ఏ తెగ సభ్యత్వమూ రాదు. 2018లో సెనేటర్ ఎలిజబెత్ వారెన్ తనకు అమెరికా ఆదివాసీ పూర్వీకులున్నారని చూపడానికి తన పరీక్ష ఫలితాన్ని బయటపెట్టినప్పుడు చెరోకీ నేషన్ అనే ఆదివాసీ తెగ ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం చెప్పింది. అక్కడ పౌరసత్వానికి డాస్ జాబితాలనే పాత ప్రభుత్వ తెగ సభ్యుల పట్టికల్లో పూర్వీకుల పేరుండాలి. అయితే అందరూ ఆ శాతాల దగ్గరే ఆగిపోవడం లేదు. ఓడల ప్రయాణికుల జాబితాలు వెతికేవాళ్లున్నారు, తాతల ఉత్తరాలు చదవడానికి పాత జర్మన్ లిపి నేర్చుకునేవాళ్లున్నారు. పరాయి దేశంలో పిల్లలకు అ, ఆలు దిద్దిస్తున్న మనం వాళ్లను కొనుక్కుంటున్నారని వెక్కిరించడం ఏం న్యాయం?