పొడి చీపురు పక్కన పెట్టండి

వసంతంలో ఇల్లు దులిపేముందు కిటికీలన్నీ బార్లా తెరవమని ఇంటి శుభ్రత గురించి వచ్చిన ఒక వ్యాసంలో రాశారు, పుప్పొడి ఎక్కువగా ఉండే పొడి ప్రాంతాల్లో మాత్రం దయచేసి ఆ పని చేయకండి. మేము రెండేళ్లు అలాగే చేశాం, ఇల్లు శుభ్రం చేసిన రోజునే మా అబ్బాయికి తుమ్ములు, కళ్ల దురద ఎక్కువయ్యేవి, చూస్తే ప్రాణం ఉసూరుమనేది. పుప్పొడి రేణువులు చాలావరకు 10 నుంచి 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటాయి, గాలి కదలకపోతే మెల్లగా కిందికి దిగి కర్టెన్లకీ సోఫాకీ కిటికీ మెష్‌లకీ పట్టుకుంటాయి, పొడి చీపురుతో ఊడ్చామంటే మళ్లీ లేచి ముక్కులోకే వస్తాయి. అందుకే ఫ్యాన్ ఆపేసి, దాని రెక్కలతో మొదలుపెట్టి పైనుంచి కిందికి అంతా తడిగుడ్డతోనే తుడవాలి. వాక్యూమ్ వాడేవాళ్లు హెపా ఫిల్టర్ ఉన్నదే చూసుకోండి, అది 0.3 మైక్రాన్ల రేణువుల్ని కూడా 99.97 శాతం పట్టేస్తుంది. మెష్‌లు ఊడదీసి నీళ్లతో కడగండి, ఏసీ ఫిల్టర్ కూడా.

ఇంకోటి, చాలామంది మర్చిపోయేది: దుప్పట్లు, దిండు గలేబులు శుభ్రంగా ఉతికి ఎండ బాగుంది కదా అని బయట ఆరేస్తారు, తడిబట్టకి పుప్పొడి ఇట్టే అంటుకుంటుంది. ఈ నెలల్లో లోపలే ఆరేయండి. దులిపినవాళ్లు మాస్క్ పెట్టుకోవాలి, పని అయ్యాక తలస్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే మంచం ఎక్కాలి, లేకపోతే జుట్టులో ఉన్నదంతా దిండుకి చేరుతుంది.