సింహాచలం ఐదొందలు

నాన్నమ్మ సంవత్సరికం ఇంకా వారం ఉందనగానే మా అత్త మధురవాడ నుంచి దిగిపోయింది. నాన్నకి వదిలేస్తే పంతులుగారికి కబురు పెట్టడం కూడా మర్చిపోతాడని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలు కూడా గట్టివే. వచ్చీరాగానే బీరువాలోంచి నాన్నమ్మ పద్దుల పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుని కూచుంది.

అత్త: ఒరే చిట్టీ, ఇలా రా. ఆఖరి పేజీలో ఏటో రాసుకుంది అమ్మ. "సింహాచలం, ఐదొందలు. మర్చిపోకూడదు."

నాన్న: మొక్కు.

అత్త: కళ్లజోడు పెట్టుకుని చూసి చెప్పరా.

నాన్న: చూసేదేముంది అప్పా? అప్పన్నస్వామికి మొక్కుకుంది, తీర్చకుండానే వెళ్లిపోయింది. ఇప్పుడది నా మీద పడింది. ఏడాది తిరక్కుండా కొండెక్కకూడదని ఊరుకున్నాను గానీ, ఇదయ్యాక ఆషాఢ పౌర్ణమికి గిరిప్రదక్షిణ చేసి హుండీలో వేసేస్తాను.

అత్త: 32 కిలోమీటర్లు! నువ్వు! పాల ప్యాకెట్టుకి సందు చివరిదాకా బండేసుకెళ్తావు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాకలో ఆటో ఎక్కేస్తావు.

నాన్న: ఎక్కను.

అత్త: ఎక్కకపోతే జోడుగుళ్లపాలెంలో సముద్రస్నానం చేసి ఇసకలోనే పడుకుంటావు. నిన్ను ఇంటికి చేర్చమని మీ ఆవిడ నాకే ఫోను చేస్తుంది. అయినా అమ్మ దేవుడికి బాకీ పెట్టే మనిషేనా? మార్గశిర లక్ష్మివారాలు తెల్లారకుండానే బురుజుపేట వెళ్లి, కనకమాలక్ష్మికి తన చేత్తో పసుపూ కుంకుమా వేసి, మిగిలిన చిల్లర లెక్కపెట్టుకుని మరీ వచ్చేది. ఇది దేవుడి పద్దు కాదు. ఆటో సింహాచలం.

నాన్న: అమ్మ వాడికి బాకీ పడటమేంటి? ఆవిడతో బేరమాడలేక వాడే మనల్ని చూస్తే ఆటో తిప్పేసుకునేవాడు.

అత్త: అయితే పూర్ణా మార్కెట్టులో పూల సింహాచలం.

నాన్న: ఆవిడ పేరూ సింహాచలమేనా?

అత్త: ఇన్నేళ్లుగా ఆవిడ దగ్గరే పూలు కొంటున్నావు, పేరు తెలీదు! ఈ ఊళ్లో ఆడా మగా అందరూ వాళ్లే. బస్సులో ఆ పేరు పెట్టి కేకేస్తే సగం మంది దిగిపోతారు.

నాన్న: సరే, ఇద్దరికీ చెరో ఐదొందలు ఇచ్చేద్దాం. దేవుడికి విడిగా వేద్దాం. అమ్మ పేరు మీద బాకీ ఉండకూడదు.

అంటూనే ఆటో సింహాచలానికి ఫోను చేసి, వస్తూ వస్తూ పూలావిడని కూడా ఎక్కించుకు రమ్మన్నాడు. మామూలుగా మా నాన్న పది రూపాయలు తియ్యాలంటే పూటంతా ఆలోచిస్తాడు. నాన్నమ్మ మాటొస్తే ఆ ఆలోచన ఉండదు.

అత్త: ఆగరా తొందరా! అమ్మ ఊరందరికీ ఇచ్చేది గానీ పుచ్చుకున్నదెప్పుడు? గ్రైండరేదే అంటే హుద్‌హుద్‌లో పోయిందనేది. తుఫాను వచ్చింది 2014లో. గ్రైండరు నేను కొనిచ్చింది 2016లో.

నాన్న: ఎదురింటి కోడలికి ఇచ్చేసింది.

అత్త: నీకు తెలుసా?

నాన్న: చెప్పొద్దంది. నీ ఆవకాయ జాడీ కూడా ఆ హుద్‌హుద్‌లోనే పోయింది.

అత్త కాసేపు మాట్లాడలేదు. జాడీ కోసమో, వాళ్లమ్మ కోసమో, నేను అడగలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని పుస్తకం వెనక్కి తిప్పడం మొదలెట్టింది.

అత్త: ఇదిగో, ఇక్కడా ఉన్నాడు. "2002. బీచిలో సబ్‌మెరైన్ టిక్కెట్లు. సింహాచలం ఇస్తానన్నాడు."

నాన్న: (నవ్వేస్తూ) కురుసుర కొత్తగా పెట్టిన రోజులు! అమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయింది. "ఇది బయల్దేరిపోతే పొయ్యి మీద పప్పు ఎవడు దించుతాడ్రా" అంది. ఒడ్డుకి లాగేశారమ్మా, ఇంక కదలదు అంటే నమ్మదే!

అత్త: టిక్కెట్లు ఎవరు తీశారు?

నాన్న: అమ్మే. నా దగ్గర చిల్లర లేదు.

అత్త: ఊఁ. అప్పన్నస్వామి సబ్‌మెరైన్ ఎక్కాడా?

నాన్న: దేవుడితో వేళాకోళాలొద్దు అప్పా.

అత్త: "సింహాచలం, ఏవీఎన్ కాలేజీ, పరీక్ష ఫీజు." పూలావిడ చదివిందా ఏవీఎన్‌లో?

నాన్న: నా కళ్లజోడేది?

అత్త: నీ నెత్తి మీదుంది. టెన్త్ సర్టిఫికెట్టులో నీ పేరేంట్రా?

నాన్న: ...

అత్త: వినపడలేదు.

నాన్న: పుట్టిన దగ్గర్నుంచీ అమ్మ నన్ను చిట్టీ అనే పిలిచింది!

అత్త: పిలవడానికి చిట్టి. ప్రోనోటు మీద చిట్టి అని రాసుకుంటారా? అప్పన్నస్వామి నయం, ఏడాదికోసారైనా చందనం వలిచి నిజరూపం చూపిస్తాడు. నీది చూడ్డానికి నాకు జీవితమంతా పట్టింది.

నాన్న: స్కూటరు టైరుకి అడిగాను. ఇచ్చేద్దామనే అనుకున్నాను.

అత్త: పేజీకొకటి ఉంది, ఒక్కటీ కొట్టేసి లేదు. అంతా నీ పేరే. నా పేరు ఎక్కడా లేదు చూశావా? నేనేం కానిదాన్నా ఆవిడకి?

నాన్న: (పుస్తకం లాక్కుని, కళ్లజోడు దించుకుని) అరవకు. ఇదిగో. "పెద్దదానికి పొందూరు చీర. దాని పద్దు రాయను." రాయనని రాసింది చూడు.

అత్త: ఏదీ, ఇలా తే... పొందూరు చీరా? అది కూడా ఎవరికో ఇచ్చేసి ఉంటుంది. నాకు అందలేదు.

నాన్న: నువ్వు కట్టుకున్నది అదే.

అత్త చీర కుచ్చిళ్లు సర్దుకునేలోగా గేటు చప్పుడైంది. ఆటో సింహాచలం, వెనకే బుట్టతో పూల సింహాచలం. ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి.

నాన్న: అప్పా, ఇప్పుడేం చెయ్యను?

అత్త: పిలిచావుగా. చెరో ఐదొందలూ ఇవ్వు.

నాన్న: (జేబులు తడుముకుంటూ) చిల్లర లేదు.

అత్త: రెండు ఐదొందల నోట్లకి చిల్లరెందుకురా!