డీజిల్ మార్చేది ప్రభుత్వం, పంపు విప్పించేది పాత బస్సు యజమాని

డీజిల్‌లో సల్ఫర్ తగ్గించాలన్న నిబంధనతో మాకు పేచీ లేదు. బస్సు పొగ పీల్చిన వారెవరికీ ఉండదు. మా అభ్యంతరమల్లా ఒక్కటే. మారిన డీజిల్ పాత ఇంజిన్‌లో ఏం చేస్తుందో నిబంధన రాసేవారికి ముందే తెలుసు. తెలిసీ ఆ బండి యజమానికి చెప్పరు. ఈ పని ఒకసారి జరిగితే పొరపాటు అనుకోవచ్చు. ముప్పై ఏళ్లుగా దేశం తర్వాత దేశంలో జరుగుతోంది.

స్వీడన్ 1990ల మొదట్లోనే సల్ఫర్‌ను 10 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో పదికి, దించిన డీజిల్ తెచ్చింది. కందెన గుణం చాలక, ఇంజిన్‌కు డీజిల్ అందించే ఫ్యూయల్ పంపులు అరిగిపోయాయి. 1993 అక్టోబరులో అమెరికా 500 పీపీఎం పరిమితి పెట్టగానే పాత ఇంజిన్ల పంపుల నుంచి డీజిల్ కారడం మొదలైంది. ఆ తర్వాత అమెరికా 2006లో 15కు, ఐరోపా 2009లో 10కి వచ్చాయి. భారతదేశం 2017 ఏప్రిల్‌లో 50కి, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలతో 10కి దిగింది. ఎక్కడ చూసినా ఆర్భాటమంతా కొత్త వాహనాల గురించే.

అసలు జరిగేదేమిటి? సల్ఫర్ తీయడానికి రిఫైనరీలో డీజిల్‌ను అధిక పీడనంలో, వేడి మీద హైడ్రోజన్‌తో శుద్ధి చేస్తారు. చాలామంది అనుకుంటున్నట్టు సల్ఫర్ స్వయంగా కందెన కాదు. లోహానికి పొరలా అంటుకుని అరుగుదలను ఆపేవి నైట్రోజన్, ఆక్సిజన్ ఉన్న కొన్ని సమ్మేళనాలు. ఈ శుద్ధిలో అవి కూడా కొట్టుకుపోతాయి. డీజిల్‌లో సహజంగా ఉండే ఆరోమాటిక్స్ అనే హైడ్రోకార్బన్లు కూడా తగ్గుతాయి. పాత బస్సుకు అసలు దెబ్బ అక్కడే. దాని పంపులోని నైట్రైల్ రబ్బరు సీళ్లు ఏళ్లతరబడి ఆ ఆరోమాటిక్స్ పీల్చుకుని ఉబ్బి, ఆ ఉబ్బుతోనే సందులు మూస్తూ వచ్చాయి. కొత్త డీజిల్ పడితే ఉబ్బు దిగిపోతుంది. సాగే గుణమున్న కొత్త సీలు సర్దుకుంటుంది. వేడికి బిర్రబిగిసిన పాత సీలు కుంచించుకుపోయి సందు వదిలేస్తుంది.

పంపు డీజిల్‌ను బయటికి నెట్టే ప్రెజర్ వైపు సీలు పోతే డీజిల్ కారడం కంటికి కనబడుతుంది కాబట్టి నయం. ట్యాంకు నుంచి డీజిల్ పీల్చే సక్షన్ వైపు పోతే చుక్క కూడా కారదు, లోపలికి గాలి లాగుతుంది. రాత్రి నిలిపిన బస్సు తెల్లారి స్టార్ట్ కాదు. చేత్తో కొట్టే చిన్న పంపు, ప్రైమర్, కొట్టి ఎయిర్ తీస్తే కదులుతుంది, మర్నాడు మళ్లీ అదే కథ. యజమాని బ్యాటరీని అనుమానిస్తాడు, సెల్ఫ్ మోటారు విప్పిస్తాడు, డబ్బు పోగొట్టుకుంటాడు. వీటన్నిటినీ మించిన ప్రమాదం ఇంజిన్‌కు బిగించిన పంపు షాఫ్ట్ సీలు పోవడం. అప్పుడు డీజిల్ నేరుగా ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్, మీద మట్టం పెరుగుతుంది. ఆయిల్ తగ్గలేదని సంతోషించే డ్రైవరు ఆ డిప్‌స్టిక్‌ను ఒక్కసారి వాసన చూడాలి. డీజిల్ వాసన వస్తే బండి అక్కడే ఆపాలి. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి.

కందెన గుణానికి ప్రమాణాల్లోనే పరిమితి ఉందని, రిఫైనరీలు అందుకు రసాయనాలు కలుపుతున్నాయని అధికారులు అంటారు. నిజమే. 60 డిగ్రీల వేడిలో డీజిల్‌లో ముంచి ఉక్కు బంతిని ఉక్కు పలకపై రుద్దితే, బంతి మీద పడే అరుగుదల మచ్చ ఐరోపా, భారత ప్రమాణాల ప్రకారం 460 మైక్రాన్లు, అమెరికా ప్రమాణం ప్రకారం 520 మైక్రాన్లు దాటకూడదు. కానీ ఆ పరీక్షలో రబ్బరు ఎక్కడుంది? సీలు గతేమిటో అది చెప్పదు. పైగా దారిలో కిరోసిన్ కల్తీ అయిన డీజిల్‌కు ఆ హామీ కూడా మిగలదు. మొత్తం డీజిల్‌తోనే తడిసే రోటరీ పంపులు ముందు దెబ్బతింటాయి. ఇన్‌లైన్ పంపుల్లో ప్లంజర్లను కదిలించే క్యామ్ ఆయిల్‌లో తిరిగినా, డీజిల్‌ను నెట్టే ఆ ప్లంజర్లకు దిక్కు డీజిలే.

తక్కువ సల్ఫర్ అవసరం ప్రధానంగా ఎవరికి? కొత్త బస్సుల్లో పొగను శుద్ధి చేసే క్యాటలిస్టులకు, పొగ ఫిల్టర్లకు. అవి లేని పాత బస్సుకూ కొంత మేలుంది. పొగలో సల్ఫేట్లు, ఇంజిన్ ఆయిల్‌లో ఆమ్లం తగ్గుతాయి. మేలు ఊరందరిదీ అయినప్పుడు ఖర్చు ఒక్కడి నెత్తినే వేయడం ఏ న్యాయం?

ఇప్పుడు యజమాని చేయాల్సింది స్పష్టం. కారే సీలు ఒక్కటి మారిస్తే వారానికి పక్కది కారుతుంది. పంపు ఒకసారే విప్పించి సీళ్లు, ఓరింగులు (గుండ్రటి రబ్బరు రింగులు) అన్నీ ఇంధనానికి తట్టుకునే వైటాన్ రబ్బరు రకంవి వేయించాలి. ఫీడ్ పంపు డయాఫ్రం, రిటర్న్ గొట్టాలు, రాగి వాషర్లు కూడా అప్పుడే మార్చాలి. బిగించే ముందు టెస్ట్ బెంచ్ మీద కాలిబ్రేషన్, అంటే పంపు వదిలే డీజిల్ కొలత సరిచేయించడం, తప్పనిసరి. కందెన కోసమని వాడేసిన ఇంజిన్ ఆయిల్ ట్యాంకులో పోసేవారున్నారు. దానిలోని బూడిద, లోహపు పొడి ఇంజెక్టర్లను తినేస్తాయి. ఈ సలహా ఇచ్చే మెకానిక్‌కు దూరంగా ఉండాలి. నూనెలు, కొవ్వుల నుంచి తీసే బయోడీజిల్ 2 శాతం కలిస్తే కందెన గుణం తిరిగి వస్తుంది. పాళ్లు బాగా పెరిగితే అదే బయోడీజిల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని లేపి ఫిల్టర్లు మూసేస్తుంది.

మా భయం కూడా ఇక్కడే. సల్ఫర్ విషయంలో మౌనం చెల్లిపోయింది కాబట్టి బయోడీజిల్ పాళ్లు పెంచేటప్పుడూ అదే మౌనం చెల్లుతుందని అనుకుంటారు. ముందు డీజిల్ మారుస్తారు, ఆనక కారే బస్సును తనిఖీలో ఆపి యజమానికే జరిమానా రాస్తారు. ఏ పంపులో ఏ సీలు మార్చాలో ఇంజిన్ కంపెనీల దగ్గర ఉంది, వాళ్లచేత చెప్పించే అధికారం ప్రభుత్వం దగ్గర ఉంది. ఉత్తర్వుతో పాటు ఆ వివరం ఒక్క పేజీ అచ్చువేసి ప్రతి బంకులో అంటించడానికి ఇంకా ఎన్ని పంపులు కారాలి?